కంద సరిగ్గా ఉడక్కపోతే

ఆదివారం కంద బచ్చలి చేశాను. పిల్లాడు ఆకలి ఆకలి అని వెనకాలే తిరుగుతుంటే, ముక్క పైపైన మెత్తబడింది కదా అని దించేసి, చింతపండు గుజ్జు, ఆవ కలిపి వాడికి అన్నం పెట్టేశాను. రెండో ముద్దకే "అమ్మా, గొంతులో గుచ్చుతోంది" అని ఏడుపు. ఆరేళ్ల వాడు, చాలా బాధేసింది.

వాడన్న మాటే నిజం, అది గుచ్చుకోవడమే. కందలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కంటికి కనిపించనంత సన్నటి సూదుల్లా కట్టలు కట్టలుగా ఉంటాయి, సరిగ్గా ఉడకని ముక్క నమిలితే అవి నాలుకలో, గొంతులో దిగుతాయి. చేమదుంపల్లో, చేమాకుల్లో కూడా ఇవే. పక్కింటావిడ "వేడి చేసిందేమో" అన్నారు కానీ దీనికీ వేడికీ సంబంధం లేదు.

మిరపకాయ మంట సంగతి వేరు. అక్కడ ఏదీ గుచ్చుకోదు. అందులోని క్యాప్సైసిన్, వేడి తగిలిందని మెదడుకి చెప్పే నరాల గ్రాహకాన్నే తట్టి లేపుతుంది, అందుకే నోరు కాలినట్టు ఉంటుంది (ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది). క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కాబట్టి కారానికి నీళ్లకన్నా పెరుగు, పాలు మేలు. అనాసపండుదైతే ఇంకో కథ, అందులో ప్రోటీన్‌ని విరగ్గొట్టే బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, ఎక్కువ తింటే నాలుక పచ్చిపుండులా అవడానికి అదీ ఒక కారణం.

అమ్మకి ఫోన్ చేస్తే, "కోసేటప్పుడు చేతికి నూనె రాసుకున్నావా? చింతపండు వేశావా?" అని అడిగింది. అన్నీ చేశానన్నాను. "మరి ఉడకనిచ్చావా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని సామెత కూడా ఉన్న ఇళ్లలో పెరిగి, పది నిమిషాల దగ్గర తొందరపడ్డాను. అమ్మైతే ముక్కల్ని చింతపండు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, ఆ తర్వాతే బచ్చలితో కలుపుతుంది. చెంచాతో నొక్కితే ముక్క లోపలిదాకా పిండిలా విడిపోవాలట.

ఒక్కటి మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. ఏది తిన్నా పెదవులో నాలుకో వాచినా, ఒంటిమీద దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా మామూలు దురదే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మావాడికి గంటలో తగ్గింది. మిగిలిన కూరని మళ్లీ బాగా ఉడికించి రాత్రి నేను తిన్నాను, దురదే లేదు. వాడు మాత్రం ముట్టుకోలేదు, నేనూ బలవంతం చేయలేదు.