రెండో అర దాకా వచ్చిన పాత నత్త గుల్లల పని

కాలేజీ జువాలజీ మ్యూజియం బీరువాలో ఉన్న నేల నత్తల గుల్లలకు పేర్లు సరిచూసే పని రెండో అరలోకి వచ్చింది. మొదటి అరలోవి చాలావరకు వానాకాలంలో మన పెరటి గోడల మీద కనిపించేవే, తొందరగా అయిపోయాయి. రెండో అరలో లేబుళ్లు పాతవి. పని నత్తనడకే.

ముందు కొన్ని గుల్లల మీద పట్టిన తెల్ల పొడి సంగతి. చూడ్డానికి బూజులా ఉంటుంది గానీ బూజు కాదు. చెక్క నుంచి, అట్టపెట్టెల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి గుల్లలోని కాల్షియం కార్బొనేట్‌తో కలిసి లవణంగా మారుతుంది. 1899లో దీని గురించి రాసిన బైన్ పేరు మీద బైన్ జబ్బు అంటారు. అంటురోగమేమీ కాదు, నాఫ్తలీన్ ఉండలు వేసినా తగ్గదు. మంచినీళ్లలో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, చెక్కకు దూరంగా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పెడుతున్నాను. కడిగేముందు లేబుల్‌ని, గుల్లని ఒకే ఫొటోలో పడేలా తీయాలి. పాత లేబుల్ ఎంత చిరిగినా పారేయకూడదు. కొత్త చీటీ పెన్సిల్‌తో రాసి పక్కన పెట్టాలి.

నా పద్ధతి ఏమిటంటే, లేబుల్ మీది పేరు పట్టించుకోకుండా ముందు వర్ణన రాసేస్తాను. పేరు చూశాక కళ్లు ఆ పేరుకు తగ్గవే వెతుకుతాయి. మొన పైకి, నోరు నా వైపు ఉండేలా పట్టుకుంటే, నోరు కుడివైపు ఉన్నవి కుడిచుట్టువి. మన దగ్గర ఎక్కువ ఇవే. అరియోఫాంటా లేవిపెస్ అనే నత్త మాత్రం ఎడమచుట్టు, ‘బొంబాయి’ అన్న డబ్బాలో దొరికింది. ఫొటోని అద్దంలోలా తిప్పేసే యాప్‌లతో జాగ్రత్త, ఈ ఒక్క లక్షణమే తలకిందులైపోతుంది.

ఒక డబ్బా మీద ‘నానినా, వైజాగపటం’ అని మాత్రమే ఉంది. నా నోట్సు ఇలా ఉంది: అణిగిన గుండ్రం, వెడల్పు 29.4 మి.మీ., ఎత్తు 19.8, చుట్లు ఐదున్నర. పైభాగంలో సన్నగీతలు అడ్డంగా నిలువుగా కోసుకుని గరుకుగా, కిందిభాగం నున్నగా. పాలిపోయిన తెలుపు మీద నడుము దగ్గర సన్నటి గోధుమరంగు పట్టీ. బొడ్డు (గుల్ల అడుగున మధ్యలో ఉండే గుంట) ఇరుకు, పెదవి (నోటి అంచు) పలచన, బయటికి మడవలేదు. ఇది క్రిప్టోజోనా బైస్ట్రియాలిస్. 19వ శతాబ్దంలో ఇలాంటివాటిని చాలా వరకు నానినా అనే ప్రజాతిలోనో హెలిక్స్ అనే ప్రజాతిలోనో పడేసేవారు, కాబట్టి ఆ పేరు చూసి తేల్చేదేమీ ఉండదు.

అదే డబ్బాలో ఒక పొడవాటి చిన్న గుల్ల కలిసిపోయి ఉంది. లోపలి స్తంభం, అంటే చుట్లు తిరిగే నడిమి కడ్డీ, అడుగున కత్తిరించినట్టు ఆగిపోయింది. గ్లెసూలా అనే నేల నత్త ప్రజాతికీ అలాగే ఉంటుంది, ఆఫ్రికా రాక్షస నత్త పిల్లకూ అలాగే ఉంటుంది. ఇది పలచగా, పొట్ట ఉబ్బి ఉంది, అంటే ఆఫ్రికాదే. 1847లో నత్తలు పోగుచేసే బెన్సన్ అనే బ్రిటిష్ అధికారి మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చి వదిలిన రకం అది. తర్వాతెవరో ఈ డబ్బాలో వేసి ఉంటారు. వేరే చీటీతో విడదీశాను.

ఎక్కువ టైమ్ తిన్నది ‘గోల్కొండ హిల్స్, బెడ్డోమ్’ అన్న లేబుల్. హైదరాబాద్ గోల్కొండ కోట అనుకుని మ్యాప్‌లో పెడితే మొత్తం పాడవుతుంది. మద్రాసు అటవీశాఖలో పనిచేసిన బెడ్డోమ్ రాతల్లోని గోల్కొండ కొండలు విశాఖ వైపు తూర్పు కనుమలవి. ఆయన 1870లో వర్ణించిన సెప్సోఫిస్ పంక్టేటస్ అనే బల్లి దొరికిందీ అక్కడే. చోటు తప్పుగా పెడితే తడి అడవి నత్త కాస్తా రాతిగుట్టల ఎండ నత్త అయిపోతుంది. ఆయన మొక్కలు, పాములతోపాటు నత్తలూ పోగుచేశాడు. గుల్ల నోటికి మూత ఉన్న నేల నత్తల మీద 1875లో వ్యాసమూ రాశాడు. అయితే ఈ గుల్ల నిజంగా ఆయన తెచ్చిందేనా అన్నది చేతిరాత పోల్చి చూస్తే గానీ చెప్పలేం. ప్రస్తుతానికి ‘లేబుల్ ప్రకారం’ అని రాసి ఉంచాను.

మెరిసే పలుచని చిన్న గుల్లలు ఒక గుప్పెడు మిగిలాయి. మాక్రోక్లామిస్ ప్రజాతి అనిపిస్తోంది, జాతి చెప్పను. గుల్లలు ఒకేలా ఉంటాయని, శరీరం కోసి చూడాలని భారతదేశపు నత్తల మీద పనిచేసిన గాడ్విన్-ఆస్టెన్ ఆనాడే పట్టుబట్టాడు. ఎండు గుల్లలో శరీరం ఎక్కడిది! ఐదు మిల్లీమీటర్ల లోపువి స్టీరియో మైక్రోస్కోప్ దొరికేదాకా పక్కన పెట్టాను.