తలనొప్పి మాత్రే తలనొప్పిని నిలబెడితే

నెలలో సగం రోజులు తల పట్టుకుని కూర్చునేవాళ్లు మోతాదు పెంచే ముందు ఒక్కసారి క్యాలెండర్ చూడండి. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు (మైగ్రేన్‌కు ఇచ్చే మందులు), ఓపియాయిడ్లు (కోడీన్, ట్రామడాల్ లాంటి బలమైన నొప్పి మందులు), రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులు, ఇదీ హద్దు. మూడు నెలలకు పైగా వాడకం ఈ హద్దు చేరితే మందే నొప్పిని నిలబెడుతూ ఉండొచ్చు. మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ.

లెక్కపెట్టాల్సింది మాత్రలు కాదు, రోజులు. "రోజుకు ఒక్కటేగా" అనుకునేవాళ్లే ఇందులో ఇరుక్కుంటారు, అదే బాధ. తారీఖు, నొప్పి 0 నుంచి 10లో ఎంత, మందు పేరు, వేసుకున్న వేళ రాసుకోండి. జలుబు మాత్రల స్ట్రిప్ వెనక కూడా చదవండి, చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది.

మామూలు నొప్పి మాత్రలు, ట్రిప్టాన్లు సాధారణంగా ఒకేసారి ఆపించేస్తారు. ఓపియాయిడ్లు మాత్రం డాక్టర్ చూస్తుండగా మెల్లగా తగ్గించాల్సిందే. ఆపాక 2 నుంచి 10 రోజులు నొప్పి ముదురుతుంది, వికారం, నిద్రలేమి వస్తాయి. చాలామంది మళ్లీ మాత్ర అందుకునేది అప్పుడే. అందుకే ఆపే తేదీ, నివారణ మందు ముందే డాక్టర్‌తో తేల్చుకోండి.

ఉన్నట్టుండి భరించలేనంత నొప్పి వస్తే డైరీ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.