22 కిలోల టూనా, ఒక మందపాటి కత్తి

అంత పెద్ద చేపను కోయడం అదే మొదటిసారి. చిన్న చేపలు చాలానే శుభ్రం చేశాను కాబట్టి ఇదీ అదే పని, కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే అనుకున్నాను. గేలానికి పడింది పసుపు రెక్కల టూనా. తూకం వేస్తే 22 కిలోలు. ఈ జాతిలో ఇది పిల్లకాయ కిందే లెక్క, బాగా ఎదిగితే 150 కిలోలు దాటుతుంది. నాకు మాత్రం దాన్ని పడవలోకి లాగేసరికే చేతులు పడిపోయాయి.

పడవ నడిపే పెద్దాయన్ని మేమంతా బాబాయ్ అని పిలుస్తాం. చేప పడవలో పడగానే నేను ఫోన్ తీసి ఫోటోల పనిలో ఉంటే, ఆయన చెక్క దుడ్డు తీసుకుని తల మీద ఒక్క దెబ్బ వేశాడు. తర్వాత రెండు కళ్ళకూ మధ్య, కొంచెం పైన మెత్తగా ఉండే చోట సన్నటి ఇనుప మొన దించాడు. చేప ఒకసారి వణికి ఆగిపోయింది. "ఫోటో తర్వాత, ముందు నెత్తురు తీయాలి" అని కత్తి నా చేతిలో పెట్టాడు.

పక్క రెక్క మొదలుకి రెండు మూడు వేళ్ళ వెనక చర్మం కిందే పెద్ద రక్తనాళం ఉంటుందట. అక్కడ నిలువుగా చిన్న గాటు పెట్టమన్నాడు. రెండు వైపులా పెట్టాను. లోతు అంగుళం కూడా లేదు, అయినా నెత్తురు ధారగా వచ్చింది. సముద్రపు నీళ్ళు పైపుతో పోస్తూ పది నిమిషాలు అలాగే ఉంచాం. టూనా ఒళ్ళు చుట్టూ ఉన్న నీళ్ళకన్నా వెచ్చగా ఉంటుంది. గేలంతో పెనుగులాడాక ఇంకా వేడెక్కుతుంది. ఆ వేడీ నెత్తురూ లోపలే ఉండిపోతే కండ రంగు, రుచి రెండూ పాడవుతాయి. పైగా ఈ జాతి చేపలు వేడిలో ఉండిపోతే బ్యాక్టీరియా వల్ల కండలో హిస్టమిన్ తయారవుతుంది. ఒకసారి తయారైతే ఎంత ఉడికించినా పోదు, తిన్నవాళ్ళ ముఖం ఎర్రబడి తలనొప్పి వస్తుంది. వాసన చూసి కనిపెట్టొచ్చులే అనుకోవడానికీ లేదు. అందుకే ఫోటోలు వెనక్కి పోయాయి.

పొట్ట కోయడం తేలికే. కత్తి మొన పైకి ఉండేలా పట్టుకుని, లోపలి పేగులు తెగకుండా చర్మం మాత్రమే చీల్చాలి. చేదు సంచి పగిలితే ఆ పచ్చటి నీళ్ళు తగిలిన కండంతా చేదెక్కుతుంది. మొప్పల చుట్టూ పొర కోసి, మొప్పలూ పేగులూ కలిపి ఒకేసారి లాగేశాం. వెన్నుముల్లు పొడవునా లోపల నల్లటి నెత్తురు గడ్డ కట్టి ఉంటుంది, దాన్ని బ్రష్‌తో రుద్ది తీశాం. ఆ తర్వాత మంచుముక్కల్లో సముద్రపు నీళ్ళు కలిపి జావలా చేసి, చేపను అందులో ముంచాం. ఉత్త మంచు మీద పడుకోబెడితే తగిలిన చోటే చల్లబడుతుంది, జావలో అయితే అన్ని వైపులా చలి పడుతుంది.

ఒడ్డుకు రాగానే కోసేద్దామని నా తొందర. బాబాయ్ చేప తోక పట్టుకుని లేపి చూపించాడు, కట్టెలా బిగుసుకుపోయి ఉంది. "ఇప్పుడు కోస్తే కండ పగుళ్ళిస్తుంది. రేపు మధ్యాహ్నానికి రా" అన్నాడు. పట్టగానే, బిగుసుకోకముందే కోసినా ఇబ్బందేనట: ముల్లు నుంచి విడిపోయిన కండ ఆ తర్వాత బిగుసుకునేటప్పుడు ముడుచుకుపోతుంది. రాత్రంతా చేప మంచులో ఉంది. నాకేమో టెన్షన్, రెండుసార్లు వెళ్ళి మంచు చాలుతోందా అని మూత తీసి చూశాను. తీసిన ప్రతిసారీ చలి బయటికి పోతుందని తిట్లు కూడా తిన్నాను.

మర్నాడు అసలు పని. బాబాయ్ ఇచ్చిన కత్తి అలుగు పది అంగుళాలు, వీపు నాలుగు మిల్లీమీటర్ల మందం, ఎంత నొక్కినా వంగని రకం. చేతిలోకి తీసుకోగానే ఆ బరువుకి నాకు ధైర్యం వచ్చేసింది. ఆ ధైర్యమే కొంప ముంచింది. తోక దగ్గర మొదలుపెట్టి, చెయ్యి పైకెత్తి బలం కొద్దీ నరికాను. టూనా తోక మొదట్లో రెండు పక్కలా గట్టి గట్టు ఉంటుంది, లోపల ఎముకా గట్టిదే. కత్తి సగం దూరం వెళ్ళి ఇరుక్కుంది. ఊడదీయడానికి పిడిని అటూ ఇటూ మెలిపెట్టాను. టిక్‌మని చిన్న చప్పుడైంది. కత్తి బయటికి వచ్చింది గానీ అంచులో బియ్యపు గింజంత ముక్క లేదు.

బాబాయ్ ఏమీ అనలేదు. అది ఇంకా ఘోరం. లోపలికి వెళ్ళి పాత స్పీకర్ నుంచి తీసిన అయస్కాంతం తెచ్చి ఇచ్చాడు. ఉక్కు ముక్క కండలో ఉండిపోతే ఎవరి పంటి కిందో, గొంతులోనో పడుతుంది. నరికిన గాటులో, పలక మీద, కింద నేల మీద పావుగంట వెతికాను. చివరికి తోక మోడులోంచే అయస్కాంతానికి అంటుకుని బయటికి వచ్చింది. అంచులోని గంటుకి ఆనించి చూసుకున్నాను, సరిగ్గా సరిపోయింది. మొత్తం ముక్క దొరికిందని అప్పుడే ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు చెప్పాడాయన. టూనాకి 39 వెన్నుపూసలు. పూసను నరకబోతే ఎంత గట్టి కత్తయినా ఓడిపోతుంది. రెండు పూసల మధ్య కీలు ఉంటుంది, అక్కడ మెత్తన. కత్తి మొనతో ముల్లు మీద మెల్లగా గుచ్చుతూ, వేలెడంత కూడా కాదు, గోరంత గోరంత జరుపుతూ పోవాలి. పూస మీద ఉంటే మొన జారుతుంది, కీలు దొరికితే దిగబడుతుంది. దిగిన చోట కత్తి అడ్డంగా పెట్టి, వీపు మీద కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ. నేను నాలుగో ప్రయత్నంలో కీలు పట్టుకున్నాను. కటుక్కుమని తోక విడిపోయింది. అంతకుముందు పెట్టిన బలంలో పదోవంతు కూడా పట్టలేదు. ఇనుప సుత్తి మాత్రం వాడకూడదు, కత్తి వీపు చితికిపోతుంది, లేదంటే అలుగే పగులుతుంది.

తల తీయడం కూడా అంతే. పక్క రెక్కకు వెనకగా మొదలుపెట్టి, తల వెనక భాగం వైపు ఏటవాలుగా గాటు పెట్టాలి. నిలువుగా కోస్తే మెడ దగ్గర బోలెడు కండ తలతో పాటే పోతుంది. ఒక వైపు ముల్లు దాకా కోసి, చేపను తిప్పి రెండో వైపూ కోసి, మెడ కీలు వెతికి సుత్తి దెబ్బ వేశాను. ఈసారి రెండో ప్రయత్నంలోనే దొరికింది. నేను బాబాయ్ వైపు చూశాను. ఆయన బీడీ ముట్టించుకుంటున్నాడు, చూడలేదు.

ఆ సంబరంలోనే వేలు తెగింది. పిడి నిండా నెత్తురూ జిగటా పట్టి ఉన్నాయి, నేను తుడుచుకోలేదు. మొనతో గట్టిగా పొడిచేసరికి కత్తి ముల్లుకి తగిలి ఆగింది, నా చెయ్యి ఆగలేదు. పిడి మీంచి జారి అలుగు మీదికి వచ్చింది. ఆ కత్తికి పిడికీ అలుగుకీ మధ్య చెయ్యి జారకుండా ఆపే అడ్డు లేదు. చూపుడువేలు పక్కన అంగుళం పొడవు గాటు. లోతుగా దిగలేదు కాబట్టి మంచినీళ్ళతో సబ్బు పెట్టి కడిగి, పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకుని కట్టు కట్టుకున్నాను. తర్వాత నుంచి రెండు గాట్లకోసారి పిడిని పొడి గుడ్డతో తుడవడం అలవాటు చేసుకున్నాను. చేపను పట్టుకునే ఎడమ చేతికి తెగని తొడుగు వేసుకున్నాను. పలక కింద తడిగుడ్డ పరిస్తే అది కదలదని నాకు ముందే తెలుసు, ఆ ఒక్కటే మొదటి నుంచీ సరిగ్గా చేశాను.

ఇక కండ విడదీయడం. టూనాను వీపు వైపు రెండు, పొట్ట వైపు రెండు, మొత్తం నాలుగు పొడవాటి దిమ్మలుగా తీస్తారు. పక్క మధ్యగీత వెంట తల నుంచి తోక దాకా ముల్లు తగిలేలా ఒక గాటు, వీపు రెక్క వెంట ఇంకొకటి. ఆ తర్వాత కత్తిని ముళ్ళ మీద ఆనించి పొడవుగా లాగాలి. రంపంలా అటూ ఇటూ కోస్తే కండ మెట్లు మెట్లుగా తయారవుతుంది. నా మొదటి దిమ్మ సరిగ్గా అలాగే వచ్చింది. కారణం నా చెయ్యే కాదు, కత్తి కూడా. మందపాటి అలుగు ముల్లు వంపుకి ఒదగదు, ముల్లుకీ దానికీ మధ్య వేలెడు మందాన కండ వదిలేస్తుంది. బాబాయ్ ఇంకో సన్నటి, కాస్త వంగే కత్తి ఇచ్చాక తేడా తెలిసింది. ముళ్ళ మీద మొన టకటకమని తగులుతూ పోతుంటే సరైన దారిలో ఉన్నట్టు. చప్పుడు ఆగిందంటే కండలోకి దారి తప్పినట్టు. చెవితో కోసే పని అని నాకు ఎవరూ చెప్పలేదు.

మొదటి దిమ్మకు వదిలేసిన కండను చెంచాతో గీకి తీశాను. గిన్నె నిండింది, ఏమీ వృథా కాలేదు, సిగ్గు తప్ప. మధ్యలో ఉండే ముదురు ఎరుపు పట్టీని వేరు చేశాం, దానికి ఘాటైన రుచి, త్వరగా పాడవుతుంది కూడా. దిమ్మలను నీళ్ళ కింద కడగలేదు, పొడి గుడ్డతో అద్ది, కవర్లో చుట్టి మంచు మీద పెట్టాం. మంచినీళ్ళు తగిలితే కండ తెల్లగా పాలిపోతుంది. అంతా అయ్యాక తూచితే 11 కిలోలు. 22 కిలోల చేపలో సగం! తల, తోక, ముల్లు, పేగులు, చర్మం అంత బరువుంటాయని అప్పటిదాకా నేను అనుకోలేదు.

సాయంత్రం కత్తి తీసుకుని సానరాయి ముందు కూర్చున్నాను, పాడుచేసింది నేనే కాబట్టి. రాయి తడిపి, రెండు వైపులా ఇరవై డిగ్రీల వాలులో గంటసేపు రుద్దాను. పదును వచ్చింది, కాగితం పెడితే తెగుతోంది. గంటు మాత్రం సగమే తగ్గింది. అలుగు కార్బన్ ఉక్కు, తడి ఉంటే రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. కడిగి, ఆరబెట్టి, నూనె రాసి బాబాయ్‌కి ఇచ్చాను. ఆయన అంచు మీద అడ్డంగా బొటనవేలు ఆడించి, గంటు దగ్గర ఆపాడు.

"ఇంకో నాలుగైదుసార్లు సాన పడితే పోతుందిలే," అన్నాడు, కత్తి తిరిగి నా ఒళ్ళో పెడుతూ. "రేపు పొద్దున్నే రా."