ఆస్పిన్‌వాల్ హౌస్‌లో మిరియాల వరద

శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఎర్నాకుళం నార్త్‌లో దిగేసరికే ఒళ్లు హూనం. అక్కణ్ణుంచి బోట్ జెట్టీ దాకా ఆటోకి పోసిన డబ్బుతో ఫోర్ట్ కొచ్చి ఫెర్రీ మీద వారం రోజులు అటూ ఇటూ తిరగొచ్చు. 2013 ఫిబ్రవరి అది. చలికాలం ఇంకా పూర్తిగా పోలేదన్నమాటే గానీ ఒకటే ఉక్కపోత. చిరాగ్గానే అవతలి ఒడ్డున దిగాను. అంతకుముందు డిసెంబర్ 12న మొదలైన కొచ్చి-ముజిరిస్ బినాలే ఇంకొన్నాళ్లలో ముగిసిపోతుంది. బినాలే అంటే రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన. మన దేశంలో మొట్టమొదటిది కదా, చూడకుండా ఉండలేకపోయాను.

బినాలేకి ప్రధాన వేదిక ఆస్పిన్‌వాల్ హౌస్. 1867లో ఒక ఇంగ్లీషు వ్యాపారి పెట్టిన కంపెనీ తాలూకు ఆవరణ. నీటి ఒడ్డునే పెద్ద పెద్ద గోడౌన్లు. అక్కడ నన్ను ముందు ఆపినవి రుబ్బురోళ్లు. బెంగళూరు వీధుల్లో జనం వదిలేసిన వాటిని కళాకారులు షీలా గౌడ, క్రిస్టోఫ్ స్టోర్జ్ 170 దాకా ఏరి తెచ్చారు. ఇంట్లోకి గ్రైండర్ వచ్చాక రోలు ఎవరికీ అక్కర్లేదు, పగలగొట్టడానికేమో మనసొప్పదు. మా అమ్మమ్మ రోలూ అలాగే పెరట్లో వానకి తడుస్తూ ఉంది.

నా రోజంతా మింగేసింది మాత్రం కళాకారుడు వివాన్ సుందరం చేసిన 'బ్లాక్ గోల్డ్'.

కొచ్చికి ఉత్తరాన పరవూరు దగ్గర 'పట్టణం' అనే ఊళ్లో కేరళ చరిత్ర పరిశోధన మండలి 2007లో తవ్వకాలు మొదలుపెట్టింది. రోమన్ ఓడలు మిరియాల కోసం వచ్చిన ముజిరిస్ రేవు ఇదేనని తవ్వినవాళ్ల అభిప్రాయం. అక్కడ కుప్పలుగా దొరికిన కుండ పెంకుల్లో పరిశోధనకి పనికిరావని పక్కన పెట్టినవాటిని సుందరం అడిగి తీసుకుని, వాటితోనే నేల మీద ఒక నగరం పేర్చారు. వంగి చూస్తే ఒక పెంకు అంచున కుమ్మరి వేలు లాగిన గీత ఇంకా ఉంది. ఒకేసారి మూడు తెరల మీద నడిచే వీడియోలో ఆ నగరంలోకి నీళ్లొస్తాయి. పెంకుల సందుల్లోకి నీరు పాకుతుంటే నల్లటి మిరియాలు తేలుతూ వస్తాయి.

పెంకులే ఉంటే మ్యూజియంలోలా ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయేవాణ్ణి. వీడియో ఒక్కటే అయితే నీళ్లు బాగున్నాయి అనుకునేవాణ్ణి. రెండూ కలిసేసరికి కాళ్లు కదల్లేదు. 1341లో పెరియార్ నదికి వచ్చిన వరదతోనే పాత రేవు పూడిపోయి కొచ్చి రేవు పైకొచ్చిందని ఇక్కడ చెప్పుకుంటారు. ఆ మాట ఎన్నోసార్లు చదివాను. వరద అంటే ఒక ఊరికి ఏమవుతుందో మాత్రం ఆ గదిలోనే అర్థమైంది.

బాధేమిటంటే, వచ్చినవాళ్లలో చాలామంది గుమ్మంలోంచే ఫొటో తీసుకుని వెళ్లిపోతున్నారు. నీరు సగం దాకా కూడా రాదు, వీళ్లు పక్క గదిలో ఉంటారు. వీడియో ఉన్న గదిలో కూర్చోవాలండీ! గంటలు అక్కర్లేదు, వీడియో తిరిగి మొదటికొచ్చేదాకా చాలు.

నాతోపాటు కదలకుండా ఉన్నది ముండు (కేరళ పంచె) కట్టుకున్న ఒక పెద్దాయన. ఆయనది పరవూరు వైపట. కొబ్బరి మొక్క కోసం గొయ్యి తవ్వినా ఇలాంటి పెంకులు వస్తాయని, చిన్నప్పుడు వాటితో ఆడుకునేవాళ్లమని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పారు. పెంకుల వైపు చెయ్యి చూపించి, "ఇవి మావే" అన్నారు. గర్వంగానే అన్నారు. తవ్వకాలు జరిగిన ఆ 'పట్టణం' ఊరికి ఎలా వెళ్లాలో బస్సుల పేర్లతో సహా నా నోట్‌బుక్‌లో రాసిచ్చారు.

బినాలే మిగతా వేదికలు పెప్పర్ హౌస్, డేవిడ్ హాల్ చూడ్డం ఇంకా మిగిలే ఉంది. అయినా మర్నాడు పొద్దున్నే పరవూరు బస్సెక్కాను.