యూయూడీకోడ్‌తో పాత ఫైలు విప్పడం: నా అనుభవం

పాత మెయిల్ ఆర్కైవ్‌లో ఒక జిప్ ఫైలు అక్షరాల రూపంలో దొరికింది. మొదటి పంక్తిలో బిగిన్, 644, ఆ పక్కన ఫైలు పేరు. ఇలా కనబడితే అది యూయూఎన్‌కోడ్ చేసినదే, అంటే మెయిల్‌లో పంపడానికి ఫైలుని మామూలు అక్షరాలుగా మార్చిన పాత పద్ధతి. దాన్ని తిరిగి ఫైలుగా విప్పే కమాండే యూయూడీకోడ్. 644 అంటే యూనిక్స్ పర్మిషన్లు, ఫైలుని ఎవరు చదవొచ్చో, ఎవరు రాయొచ్చో చెప్పే సంఖ్య. బిగిన్‌కి హైఫన్ తగిలించి బేస్64 (ఫైలుని అక్షరాలుగా మార్చే మరో పద్ధతి) అని ఉన్నా ఇదే కమాండ్ విప్పుతుంది. బిగిన్ పంక్తే లేకుండా వట్టి బేస్64 ఉంటే మాత్రం బేస్64 కమాండ్‌కి మైనస్ డీ ఇవ్వాలి. చాలా లినక్సుల్లో యూయూడీకోడ్ ముందే ఉండదు, షార్‌యుటిల్స్ ప్యాకేజీ పెట్టుకోవాలి.

కమాండ్ పక్కన ఫైలు పేరిస్తే పని అయిపోతుంది. కానీ నేనలా ఇవ్వను. బిగిన్ పంక్తిలో ఏ పేరుంటే ఆ పేరుతోనే రాస్తుంది, అక్కడ అదే పేరుతో నా ఫైలు ఉంటే దాని పని అంతే. ఖాళీ ఫోల్డర్‌లోకి వెళ్లి, మైనస్ ఓ పెట్టి పేరు నేనే ఇస్తాను.

ఫైలైతే వచ్చింది గానీ అన్‌జిప్ పాడైందంది. ఇలాంటప్పుడు కమాండ్‌ని తిట్టుకునే ముందు పంక్తుల పొడవు చూడాలి.

ఈ పద్ధతిలో 3 బైట్లు 4 అక్షరాలవుతాయి. 24 బిట్లను ఆరేసి చొప్పున విడగొట్టి, ఒక్కోదానికి 32 కలిపితే అచ్చయ్యే అక్షరం తాలూకు ఆస్కీ కోడ్ (కంప్యూటర్‌లో ఆ అక్షరానికుండే సంఖ్య) వస్తుంది. పంక్తి మొదటి అక్షరం అందులో ఎన్ని బైట్లున్నాయో చెబుతుంది. నిండు పంక్తిలో 45 బైట్లు. 45కి 32 కలిపితే 77, అంటే పెద్ద ఎమ్. అందుకే ఫైలు ఎడమ అంచంతా ఎమ్‌లే. ఆ ఎమ్‌తో కలిపి పంక్తికి 61 అక్షరాలు ఉండి తీరాలి.

పంక్తుల మీద పనిచేసే ఆక్ కమాండ్‌తో కొలిస్తే కొన్ని 58, కొన్ని 60 వచ్చాయి. సున్నాకి 32 కలిపితే ఖాళీ జాగా అవుతుంది. పంక్తి చివరి ఖాళీలను దారిలో ఏ మెయిల్ ప్రోగ్రామో కత్తిరించేసింది. ఈ తలనొప్పి వల్లే తర్వాతి ఎన్‌కోడర్లు ఖాళీ బదులు బ్యాక్‌టిక్ (`) వాడాయి.

ఎమ్‌తో మొదలయ్యే పంక్తులన్నిటినీ ఆక్ ప్రింట్‌ఎఫ్‌తో, ఎడమకి సర్ది 61 వెడల్పుకి నింపాను. అంతకుముందే విండోస్ క్యారేజ్ రిటర్న్‌లు (పంక్తి చివర కనబడకుండా ఉండే గుర్తులు) తీసేయాలి, లేకపోతే అవీ లెక్కలోకొచ్చి కొలత తప్పుతుంది. ఎమ్ లేని ఆఖరి డేటా పంక్తికి లెక్క వేరు: 10 బైట్లుంటే 12కి పెంచి, 16 అక్షరాలు, పొడవు గుర్తుతో 17.

బిగిన్ లైన్ లేదని ఎర్రర్ వస్తే ఆ పంక్తి ముందు ఖాళీయో, జవాబు మెయిల్ తగిలించిన బాణం గుర్తో ఉండొచ్చు. రెండోదైతే ప్రతి పంక్తికీ ఉంటుంది, అక్షరాలు మార్చే సెడ్ కమాండ్‌తో ఊడ్చేయాలి. ముక్కలుగా వచ్చిన ఫైలైతే మధ్యలో దూరిన మెయిల్ హెడర్లు తీసి, వరుస తప్పకుండా క్యాట్ కమాండ్‌తో అతకాలి.

మళ్లీ డీకోడ్ చేసి, జిప్ బాగుందో లేదో పరీక్షించే అన్‌జిప్ మైనస్ టీ కొట్టాను. ఈసారి ఎర్రర్ల్లేవు.