చింతపుల్లల బొగ్గు

ఆదివారం. రాత్రి పది కావస్తోంది.

గోళ్ళ సందుల్లో నలుపు ఇంకా వదల్లేదు. సబ్బుతో రెండుసార్లు, నిమ్మచెక్కతో ఒకసారి తోమాను. రేపు ఆఫీసులో ఎవరైనా చూస్తే కుంపటి అంటించానని చెప్పొచ్చు. అబద్ధం కూడా కాదు.

దీనికంతటికీ మూలం పోయిన సంక్రాంతి సెలవుల్లో చేసిన తిరుపతి ప్రయాణం. తిరుగుదారిలో శ్రీకాళహస్తిలో దిగి, కలంకారీ వేసే ఒకాయన ఇంటికి వెళ్ళాం. నేను రంగులు చూస్తూ ఉండిపోయాను. మా పెద్దదాని కళ్ళు మాత్రం ఆయన చేతిలోని పుల్ల మీదే. కరక్కాయ, పాలు పట్టించి ఆరేసిన గుడ్డ మీద ముందుగా కాల్చిన చింతపుల్లతో బొమ్మ గీసుకుంటారు. ఆ తర్వాతే వెదురు కలం, బెల్లమూ ఇనుప ముక్కలూ ఊరబెట్టి తీసిన నల్లరంగు. బొగ్గు గీత తప్పిందంటే గుడ్డ దులిపితే సరి. "అమ్మా, వీళ్ళకి రబ్బరుతో పనే లేదు!" అంది. ఇంట్లో దాని రబ్బరు నెలకొకటి అరిగిపోతుంది మరి.

ఆ పుల్లలు మనమూ చేద్దామని అది అడగడం, నేను వచ్చే ఆదివారం అనడం. అలా దాదాపు ఏడాది గడిచింది. ఇవాళ పొద్దున్నే పక్కింటివాళ్ళ చింతచెట్టు కింద పుల్లలు ఏరుకొచ్చి, బెరడు గీకి, పెన్సిలంత ముక్కలు చేసి నా ముందు పోసింది. ఇక తప్పలేదు.

అత్తయ్యగారి ఇంగువ డబ్బా ఖాళీ చేశాం (అడిగే తీసుకున్నాను, ఆవిడకి మాత్రం అలా గుర్తులేదు). పుల్లలు బిగించి కూరి, మూతకి మేకుతో చిన్న చిల్లు పెట్టి, డాబా మీద కుంపట్లో పెట్టాం. పుల్లలకి గాలి తగలకూడదు, తగిలితే మండి బూడిదవుతాయి. చిల్లులోంచి తెల్లటి పొగ వస్తుంది, అది ఆగిందంటే పని అయినట్టు. పొగ వచ్చింది, ఇంగువ వాసనతో సహా. ముప్పావుగంటకి ఆగింది. మావాడు "తియ్యమ్మా, తియ్యమ్మా" అని ప్రాణం తీస్తుంటే పట్టకారుతో మూత లేపాను. నల్లగా నిగనిగలాడుతున్న పుల్లలు మా కళ్ళముందే ఎర్రగా రాజుకుని, నాలుగు ఊపిరుల్లో బూడిదైపోయాయి. డబ్బా చల్లారేదాకా ఆగాలన్న ఒక్క ముక్కా నాకు తట్టలేదు. రెండో వాయి మధ్యాహ్నం పెట్టి నాలుగింటిదాకా ముట్టుకోలేదు. పద్దెనిమిది పుల్లలు దక్కాయి. మూడు విరిగాయి, ఒకటి మావాడు మీసాలకి వాడాడు.

గీసి చూస్తే ప్రింటరు కాగితం మీద జారిపోయింది. నున్నటి కాగితం బొగ్గుని పట్టుకోదు. డ్రాయింగ్ షీటు గరుకు మీద మాత్రం చక్కగా నిలిచింది. ఈ కాగితం సంగతి నాకు ఆలస్యంగా ఎక్కింది. రెండేళ్ళుగా కొన్నవన్నీ రంగులే. ఆయిల్ పేస్టెల్స్ మే నెల ఎండకి మెత్తబడి చుట్టిన కాగితానికే అంటుకుపోయాయి. వాటర్ కలర్ ట్యూబులు ఎంత మంచివి తెచ్చినా 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాముల బరువుండే) పల్చటి కాగితం మీద వేస్తే అప్పడంలా ఉబ్బేది. పోయిన నెల 300 జీఎస్ఎం ప్యాడ్ ఒకటి తెచ్చాను. అవే ట్యూబులు, అదే చెయ్యి, బొమ్మ మాత్రం వేరే ఎవరో వేసినట్టుంది. ఇన్నాళ్ళూ రంగుల్ని తిట్టుకున్నాను. ఇప్పుడు ఒక్కో షీటునీ నాలుగు ముక్కలు చేసి రేషన్ ఇస్తున్నాను.

సాయంత్రం అందరం బొమ్మలు వేసుకోవడానికి రాజమండ్రిలో గోదారి ఒడ్డున పుష్కరఘాట్‌కి వెళ్ళాం. మా ఆయన జెల్ పెన్నుతో హేవలాక్ వంతెన పట్టుకున్నారు. 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయిన వంతెన. అదే ఎందుకంటే, తిన్నగా ఉంటుంది, కమానులు తన వల్ల కాదట. దాని పక్కనున్న కమానుల రైలు వంతెన మావయ్యగారికీ, పెద్దదానికీ వచ్చింది.

మావయ్యగారు ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. చేతిలో సన్నగా గీసే గట్టి 2హెచ్ పెన్సిలు తప్ప ఇంకోటి ఉండదు. గీత లాగుతూ పెన్సిల్ని వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతారు, ముల్లు ఒకవైపే అరిగిపోకుండా. ట్రేసింగ్ కాగితం మీద ఇంకు గీత తప్పితే బ్లేడుతో గీకేవాళ్ళమని ఎన్నిసార్లు చెప్పారో. బొగ్గుపుల్ల చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి మొన ఏదమ్మా?" అని తిరిగిచ్చేశారు.

పెద్దది పావుగంటలో ముగించింది. దగ్గరి కమానులు నల్లగా, దూరంవి వేలితో రుద్ది మంచులో కలిపేసింది.

"ఎన్ని వేశావ్?" అన్నారు మావయ్యగారు.

"పదకొండు తాతయ్యా. కనిపించేవి అన్నే."

"అక్కడున్నవి 28."

"మిగతావి మంచులో ఉన్నాయి కదా!"

"మంచులో ఉంటే లేనట్టా?"

ఇంటికొచ్చేదాకా ఇదే గొడవ. నన్ను తీర్పు చెప్పమన్నారు, నేను చెప్పలేదు. చెప్తే దాని పక్షమే చెప్తాను, ఆయనకి అది తెలుసు. కొలిచి కొలిచి వేస్తూంటే చీకటిపడే వేళకి ఆయనకి తొమ్మిదే అయ్యాయి.

బొగ్గు చెరిగిపోకుండా వెన్న తీసిన పాలలో నీళ్ళు కలిపి చల్లే పాత చిట్కా ఒకటుంది. ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో కొట్టాను. మరీ దగ్గరనుంచి కొట్టానేమో, ఎడమవైపు కమాను గోదాట్లోకి కారింది. వర్షంలా బాగానే ఉందంది పెద్దది. కిటికీ ఊచకి క్లిప్పు పెట్టి ఆరేశాం. ఇందాక చూస్తే చీమలు బారులు తీరాయి. అత్తయ్యగారు పసుపు చల్లబోతే పట్టుకుని ఆపాను.

ముందుగదిలో లైటు ఇంకా వెలుగుతోంది. మావయ్యగారు పదిహేడో కమాను దగ్గరున్నారట. స్కేలు కనబడటం లేదని ఇప్పుడే పిలిచారు. మావాడు దాన్ని పొద్దున కుంపట్లో నిప్పులు కదపడానికి తీసుకెళ్ళాడు. ఆ సంగతి ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను.