సీలు మూడుసార్లు మార్చాక తెలిసింది

మా జీపు మహీంద్రా ఎం.ఎం. 540, 1994 మోడల్, నంబరు ఇంకా ఓఆర్ 10తోనే మొదలవుతుంది. మావయ్యగారిది. ఆయన చూపు తగ్గి బండి తియ్యడం మానేశాక నాలుగేళ్లు షెడ్డులో కోళ్లకి గూడుగా పనికొచ్చింది, ఆ తర్వాత నా చేతికొచ్చింది. మేముండేది ఒడిశాలో, కొరాపుట్ జిల్లా సిమిలిగూడలో. ఇక్కడ పని తెలిసిన మెకానిక్ దొరక్కపోతే సుంకి ఘాటీ దిగి సాలూరు వెళ్లాలి. లారీల ఊరు కదా, అక్కడ దొరకని సామాను ఉండదు, చెప్పలేని మేస్త్రీ ఉండడు. కానీ ఘాటీ దిగాలంటే ముందు బ్రేకులుండాలి. నా కథంతా అక్కడే మొదలైంది.

నిజానికి నేను రాసుకున్న చీటీలో బ్రేకుల ఊసే లేదు. పెద్ద టైర్లు, పవర్ స్టీరింగు, మంచి లైట్లు, ఇవీ ఆశలు. టైర్లు, స్టీరింగు ఆలోచన రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గరే పోయింది. సొంత బండికి పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి తనిఖీకి చూపించి రెన్యువల్ చేయించుకోవాలి, కంపెనీ ఇచ్చిన దానికి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, ఆ తలనొప్పి నాకెందుకని వదిలేశాను. ఇంజిన్ మాత్రం ఇబ్బంది పెట్టలేదు. ప్యూజో డిజైను 2112 సీసీ డీజిల్ అది. హీటర్ ప్లగ్గులు మార్చి, డీజిల్ ఫిల్టర్ మార్చి, చేతిపంపుతో గాలి తీసేస్తే పొగ కక్కుతూనే లేచింది. మా ఆవిడ తులసికోట దగ్గర ఆరేసిన బట్టలు మళ్లీ ఉతకాల్సొచ్చింది, ఆ మాట ఇప్పటికీ వింటున్నాను.

మొదటిసారి ఊరి బయటికి తీసినప్పుడు గట్టిగా బ్రేక్ తొక్కితే బండి ఎడమకి లాగింది. అందరూ ముందు ఎడమ చక్రాన్నే అనుమానిస్తారు, నేనూ అంతే, సగం రోజు దాని మీదే పోగొట్టాను. ఎడమకి లాగుతోందంటే ఎడమది పట్టుకుంటోందని, కుడిది పట్టడం లేదని అర్థం. కుడి డ్రమ్ము ఊడదీస్తే లోపల షూల మీద, అంటే డ్రమ్ముని ఒరుసుకుని బండిని ఆపే పట్టీల మీద, నల్లగా నూనె కారి ఉంది. ఆ షూలని బ్రేక్ ఆయిల్‌తో తోసే వీల్ సిలిండర్ పోయిందనుకుని కొత్తది తెద్దామని బయల్దేరేవాణ్ణే, కానీ వాసన తేడాగా ఉంది, కుళ్లిన గుడ్డు వాసన. గేర్ ఆయిల్‌లో గంధకం ఉంటుంది, ఆ వాసన దానిదే. అనుమానం తీరక ఒక చుక్క గ్లాసు నీళ్లలో వేసి చూశాను. బ్రేక్ ఆయిల్ అయితే నీళ్లలో కలిసిపోతుంది. ఇది పైన తేలింది.

అంటే ముందు చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్‌లో (రెండు చక్రాలకీ శక్తి పంచే గేర్ల పెట్టె) ఉండాల్సిన ఆయిల్ చక్రం దాకా వచ్చిందన్నమాట. అదెలా వస్తుందంటే, ఈ పాత జీపులకి ముందు చక్రం తిరిగే చోట పెద్ద ఇనప బంతిలాంటి నకిల్ ఉంటుంది, దాని లోపల గ్రీజు ఉండాలి. యాక్సిల్ గొట్టం చివర ఒక సీలు, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు పెదవి ఉన్న రింగు, ఉంటుంది, అది పోతే డిఫరెన్షియల్ ఆయిల్ నకిల్‌లోకి కారి గ్రీజుని పల్చన చేస్తుంది, అక్కణ్ణుంచి హబ్బు సీలు కూడా దాటితే నేరుగా బ్రేక్ షూల మీదకి. లోపల గ్రీజు అయితే గ్రీజులా లేదు, రెండ్రోజులు ఎండలో ఉన్న అంబలిలా ఉంది. అర లీటరు డబ్బా నిండింది.

పని చేసిన తీరు చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. బండిని జాకీ మీద వదలకుండా సాల్‌చెక్క దిమ్మల మీద కూర్చోబెట్టాను. హబ్బు లోపల రెండు పెద్ద నట్లు, మధ్యలో మడతపెట్టిన వాషరు ఉంటాయి. వాటికి సరైన బాక్స్ పానా కొనండి, ఉలి పెట్టి సుత్తితో కొట్టి తిప్పేవాళ్లే ఎక్కువ, మా నట్ల మీద ఆ గాట్లన్నీ ఉన్నాయి. తర్వాత స్పిండిల్ ఆరు బోల్టులు విప్పి, బ్రేక్ ప్లేటుని ఇనప తీగతో కమాన్ పట్టీలకి కట్టాను, లేకపోతే బరువంతా బ్రేక్ పైపు మీద పడుతుంది. షాఫ్ట్ లాగేసి పాత సీలు తీసి కొత్తది కొట్టాను. నూనె తాగిన షూలని పెట్రోల్‌తో కడిగి వాడుకోవచ్చని పక్కింటి కుర్రాడు అన్నాడు. కడిగితే పైకి బాగానే కనిపిస్తాయి, వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకొస్తుంది. రెండు పక్కలా కొత్తవి వేశాను. బేరింగు బిగించేటప్పుడు హబ్బు తిప్పుతూ బిగువు వచ్చేదాకా బిగించి, అక్కణ్ణుంచి చుట్టులో ఆరో వంతు వెనక్కి తిప్పాలి.

వారానికే మళ్లీ కారింది. విప్పి చూస్తే సీలు పెదవి మీద బ్లేడుతో కోసినట్టు గాటు. షాఫ్ట్ లోపలికి తోసేటప్పుడు బరువు ఆపలేక సీలు మీద ఆనించాను, చివరి పళ్లు దాన్ని కోసేశాయి. తప్పు నాదే. రెండోసారి మా బావమరిదిని కింద పడుకోబెట్టి షాఫ్ట్ పట్టించి, వెంట్రుక కూడా తగలకుండా దూర్చాం. రెండు వారాలు పొడిగా ఉంది. ఆ తర్వాత ఒక రోజు కింద పరిచిన అట్టముక్క మీద మళ్లీ అదే మరక. సామాను అమ్మిన షాపుని తిట్టుకుంటూ ఇంకో కంపెనీ సీలు తెచ్చి మూడోసారి వేశాను. ఇంకో పది రోజులకి అది కూడా తడిసింది.

ఈలోగా ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి ఇచ్చే గేరు) పడుతుందో లేదో చూద్దామని పొడి తారు రోడ్డు మీదే వేసి రెండు మలుపులు తిప్పాను, లివరు ఇక వెనక్కి రాలేదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరువేరు దూరాలు తిరుగుతాయి, ఈ బండిలో ఆ తేడా సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు, దాంతో పళ్లన్నీ బిగుసుకుపోతాయి. పది అడుగులు రివర్స్ తీస్తే దానంతటదే వదిలింది. అంతవరకు పడ్డ టెన్షన్ మాత్రం అడక్కండి.

బ్రేకులు ఓ మాదిరిగా పట్టుకుంటున్నాయి కదా అని తెల్లారకముందే బయల్దేరి సెకండ్ గేర్లో ఘాటీ దిగి సాలూరు చేరాను. లారీలు చూసే పెద్ద మేస్త్రీ ఒకాయన నేను చెప్పిందంతా బీడీ కాలుస్తూ విన్నాడు. బండి కిందకి కూడా దూరలేదు. "ఏటి బాబూ, బ్రీదర్ చూసేవా?" అన్నాడు.

చూడలేదు. అలాంటిది ఒకటుందని కూడా నాకు పట్టలేదు.

"సీలు మార్చీసుకుంటే అయిపోద్దేటి?" అని పానా తీసుకుని డిఫరెన్షియల్ ఫిల్లర్ బిరడా అర చుట్టు వదులు చేశాడు. ప్రెజర్ కుక్కర్ విజిల్ ఎత్తితే వచ్చినట్టు తుస్సుమని గాలి, దాంతోపాటు నురగ ఆయిల్. మా జీపుకి ముందు చక్రాలని షాఫ్టుల నుంచి విడదీసే ఫ్రీవీల్ హబ్బులు లేవు, ఫోర్ వీల్ వెయ్యకపోయినా ముందు షాఫ్టులు తిరుగుతూనే ఉంటాయి, ఆయిల్ వేడెక్కుతూనే ఉంటుంది, లోపలి గాలి ఉబ్బుతుంది. అది పోవడానికి యాక్సిల్ మీద చిటికెన వేలంత టోపీ ఉంటుంది, అదే బ్రీదర్. మాది మా ఎర్రమట్టితో ఇటుకలా పూడుకుపోయింది. గాలికి దారి లేక సీలుని తోసుకుని ఆయిల్ బయటికొచ్చేది. ఎన్ని సీళ్లు వేసినా అంతే మరి.

ఆయన డబ్బులు తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు.

ఇంటికొచ్చి నాలుగోసారి విప్పాను, ఈసారి హబ్బు సీలు కూడా మార్చేశాను. బ్రీదర్ టోపీ తీసేసి, ఆ రంధ్రానికి నిపుల్ బిగించి, డీజిల్ పైపు ముక్క తొడిగి బానెట్ లోపల ఎత్తుగా కట్టాను, చివర చిన్న ఫిల్టరు. వాగు దాటేటప్పుడు కూడా ఇదే కాపాడుతుంది. వేడి యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి నీళ్లని లోపలికి పీలుస్తుంది, ఆయిల్ పాలు పోసినట్టు తెల్లబడుతుంది. వెనక యాక్సిల్‌కి కూడా అలాగే పెట్టేశాను. రెండింటికీ కలిపి నాకైన ఖర్చు ఒక్క కొత్త టైరు ధరలో పదో వంతు కూడా లేదు. లైట్ల సంగతి కూడా అప్పుడే తేల్చేశాను. బల్బులు అవే, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో రిలేలు పెట్టి లావు వైరు లాగాను, పాత స్విచ్చు దగ్గర కరెంటు తగ్గిపోవడం ఆగి వెలుగు తెల్లబడింది.

నాలుగు నెలలైంది, ముందు చక్రాల కింద అట్టముక్క పొడిగానే ఉంది. నిన్న పొద్దున ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకి శక్తి పంపే గేర్ల పెట్టె) కింద మాత్రం రూపాయి బిళ్లంత మరక కనబడింది. ఈసారి సీలు కొనకముందే దాని గాలి దారి ఎక్కడుందో వెతుకుతున్నాను.